డిజిటల్ పాఠాలు సరే... పాఠం చెప్పేవారికి శిక్షణ ఏది?

ఉదయం వేళ తొండేభావి రైల్వే స్టేషనులో కాసేపు నిలబడి చూస్తే సరిహద్దు ప్రాంతపు చదువుల తీరు కళ్లకు కడుతుంది. ఒక దిక్కుకు పోయే బండి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం చేరుతుంది. ఎదురుదిక్కుకు పోయేది దొడ్డబళ్లాపురం మీదుగా బెంగళూరు చేరుతుంది. రెండింటిలోనూ కళాశాల విద్యార్థులు కనిపిస్తారు. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడం, డిగ్రీలో ఆంగ్లం – ఈ మూడు భాషల నడుమ వారి చదువు సాగుతున్నది. వీరిలో అనేకుల ఇళ్లలో పాల డెయిరీ నుండి వచ్చే వారపు డబ్బు, పట్టుగూళ్ల మీద వచ్చే రాబడి ఫీజులుగా మారుతుంది. ఇంచుమించు అందరి చేతులలోను ఫోను ఉంటుంది. ఆ ఫోనులో పాఠాలు, ప్రశ్నపత్రాలు, ఫలితాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు అన్నీ ఉంటాయి. ఇప్పుడు కృత్రిమ మేధ కూడా వచ్చి చేరింది.

విద్యార్థి చేతికి సాధనం వచ్చింది. దానిని చదువుకు ఎలా వాడుకోవాలో చెప్పవలసిన అధ్యాపకునికి శిక్షణ అందుతున్నదా? అందుతున్నట్లయితే ఏ అధ్యాపకునికి? ఢిల్లీలో, బెంగళూరులో, అమరావతిలో తీసుకునే నిర్ణయాలు తొండేభావి వంటి ఊళ్లకు దూరపు వార్తలుగా కనిపించవచ్చును గాని, ఈ ప్రశ్న మాత్రం సరాసరి ఈ ఊళ్ల ఇళ్లలోకి వస్తుంది. అధ్యాపకునికి శిక్షణ లేని చోట డిజిటల్ విద్య అంటే గోడ మీద పడే వెలుగు తప్ప మరేమీ కాదు.

ముందుగా ప్రభుత్వం చెబుతున్నది ఏమిటో చూడాలి. కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపకుల శిక్షణ కోసం 2023 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, కేంద్ర విద్యాశాఖ మాలవీయ మిషన్‌ను ప్రారంభించింది. దేశమంతటా 111 కేంద్రాల ద్వారా ఉన్నత విద్యారంగంలోని 15 లక్షల మంది అధ్యాపకులకు నిర్ణీత కాలంలో శిక్షణ ఇవ్వడం లక్ష్యమని ప్రకటించింది. శిక్షణకు ఎనిమిది అంశాలను ఎంచుకున్నారు. వాటిలో సమాచార సాంకేతిక పరిజ్ఞానం ఒకటి. లక్ష్యం మంచిది, సంఖ్య పెద్దది. అయితే ఈ కేంద్రాలు కొత్తవి కావు. 1986 జాతీయ విద్యావిధానం సూచన మేరకు 1987 నుండి విశ్వవిద్యాలయాలలో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వెలిశాయి. బెంగళూరు, మైసూరు, ధారవాడ విశ్వవిద్యాలయాలలోను, తిరుపతి, విశాఖపట్నం, హైదరాబాదు నగరాలలోను అవి పనిచేశాయి. 2015లో వాటికి మానవ వనరుల వికాస కేంద్రాలని పేరు మార్చారు, 2023లో మాలవీయ పేరు పెట్టారు. బోర్డు రెండుసార్లు మారినా, లోపలికి వచ్చే అధ్యాపకుడు ఎందుకు వస్తున్నాడన్న విషయం అంతగా మారలేదు.

ఆయన రావడానికి ముఖ్య కారణం పదోన్నతి. యూజీసీ నిబంధనల ప్రకారం సహాయ ఆచార్యుడు ఒక వేతన స్థాయి నుండి పై స్థాయికి వెళ్లాలంటే ఓరియంటేషన్ కోర్సు, రిఫ్రెషర్ కోర్సు వంటివి పూర్తి చేసి ఉండాలి. 2018 జూలైలో వచ్చిన నిబంధనలు ఈ మార్గాన్ని కొంత సులభతరం చేశాయి. కనీసం ఒక వారం జరిగే సాంకేతిక శిక్షణ తరగతి, ధ్రువపత్రంతో పూర్తి చేసిన ఆన్‌లైన్ కోర్సు, లేదా స్వయంగా తయారు చేసిన డిజిటల్ పాఠం కూడా కొన్ని మెట్ల వద్ద లెక్కకు వస్తాయి. అదే సంవత్సరం నవంబరులో 'అర్పిత్' పేరుతో, 'స్వయం' వేదిక మీద, అధ్యాపకులకు వారి వారి విషయాలలో నలభై గంటల ఆన్‌లైన్ కోర్సులు మొదలయ్యాయి. చివరి పరీక్షలో ఉత్తీర్ణులైతే దానిని ఒక రిఫ్రెషర్ కోర్సుతో సమానంగా పరిగణించారు. ఇల్లు విడిచి మూడు వారాలు వేరే ఊరిలో ఉండలేని మహిళా అధ్యాపకులకు ఇది నిజంగా మేలు చేసిన ఏర్పాటు.

పదోన్నతి ఆశ చూపి నేర్పించడం తప్పు కాదు. మనిషి ఏదో ఒక ప్రయోజనం కోసమే కదులుతాడు. చిక్కు ఎక్కడ ఉన్నదంటే, పదోన్నతి అనేదే లేని అధ్యాపకుల వద్ద ఈ యంత్రాంగం ఆగిపోతుంది. కర్ణాటకలోని ప్రభుత్వ ప్రథమ దర్జా కళాశాలలు సుమారు 430. వాటిలో అధ్యాపన భారంలో పెద్ద పాలు మోస్తున్నది అతిథి ఉపన్యాసకులు. 2023 చివరి నెలలలో వారు తరగతులు బహిష్కరించి సమ్మె చేసి, 2024 జనవరిలో తుమకూరు నుండి బెంగళూరుకు కాలినడకన బయలుదేరినప్పుడు వారి సంఖ్య పదివేలకు పైమాటేనని రాష్ట్రమంతటికీ తెలిసివచ్చింది. అంతకు ముందు 2022 జనవరిలో గౌరవ వేతనాన్ని అర్హతను, అనుభవాన్ని బట్టి గరిష్ఠంగా 32 వేల రూపాయల వరకు పెంచి, వారానికి పదిహేను గంటల బోధన నిర్ణయించారు. ఆ మార్పుతో ఉన్నవారికి జీతం పెరిగింది గాని, గంటలు పెరిగినందువలన కొందరికి అసలు పనే లేకుండా పోయింది.

ఈ అతిథి ఉపన్యాసకునికి సర్వీసు లేదు, పై స్థాయి లేదు. ఏటేటా కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. నిబంధనలలో ఆయనకు పూర్తిగా తలుపు మూసి ఉన్నదని చెప్పలేము. కొన్ని విద్యాసంవత్సరాలు పనిచేసిన తాత్కాలిక అధ్యాపకులను శిక్షణ కేంద్రాలలో చేర్చుకోవచ్చునన్న వెసులుబాటు చాలాకాలంగా ఉన్నది. కాని చేరి ఆయన పొందేదేమిటి? వచ్చే సంవత్సరం అదే కళాశాలలో ఉంటానన్న నమ్మకం లేనివాడు ఈ సంవత్సరం రెండు వారాలు కూర్చుని డిజిటల్ పాఠం తయారు చేయడం ఎందుకు నేర్చుకుంటాడు? నేర్చుకునే శ్రద్ధ ఉన్నవారు లేకపోలేదు. అటువంటివారు తమ సొంత ఫోనుతో, తమ సొంత డేటాతో, రాత్రిపూట నేర్చుకుంటున్నారు. ఆ శ్రమ ఏ పట్టికలోనూ నమోదు కాదు.

సరిహద్దు తాలూకాల మీద దీని ప్రభావం మరింత ఎక్కువ. శాశ్వత అధ్యాపకునికి బదిలీ అవకాశం రాగానే బెంగళూరు వైపు చూస్తాడు. అది మానవ సహజం. మిగిలిన ఖాళీలను నింపేది అతిథులే. అనగా శిక్షణ అవసరం ఎక్కువగా ఉన్న తరగతి గదిలోనే శిక్షణ పొందని అధ్యాపకుడు నిలబడి ఉండే అవకాశం ఎక్కువ. 2017లో బెంగళూరు విశ్వవిద్యాలయాన్ని మూడుగా విభజించి, కోలారు కేంద్రంగా ఉత్తర విశ్వవిద్యాలయాన్ని ఏర్పాటు చేసినప్పుడు కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాలకు విశ్వవిద్యాలయం దగ్గరయింది. కార్యాలయం దగ్గరైనంత మాత్రాన అధ్యాపకుడు దగ్గరయినట్లు కాదు.

ఈ దేశంలో డిజిటల్ విద్య చరిత్ర చూస్తే ఒక అలవాటు స్పష్టంగా కనిపిస్తుంది. ముందు యంత్రం వస్తుంది, దానికి ఉత్సవం జరుగుతుంది, శిక్షణ సంగతి తర్వాత గుర్తుకు వస్తుంది. ఇందుకు తెలుగు నేల మీదనే మంచి ఉదాహరణ ఉన్నది. సమాచార సాంకేతికత ద్వారా విద్య అనే జాతీయ మిషన్‌ను కేంద్రం 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో ప్రారంభించింది. ఆనాడు పత్రికలన్నీ రాసింది మిషన్ గురించి కాదు, 'పది డాలర్ల ల్యాప్‌టాప్' గురించి. అనగా ఆనాటి లెక్కన సుమారు ఐదువందల రూపాయలకు కంప్యూటరు! తీరా ఆవిష్కరించిన తర్వాత చూస్తే అది ల్యాప్‌టాప్ కాదు, పాఠాలు నిల్వ చేసుకునే ఒక పెట్టె మాత్రమేనని తేలింది. దేశమంతా నవ్వుకున్నది. 2011 అక్టోబరులో 'ఆకాశ్' టాబ్లెట్ వచ్చింది. హైదరాబాదులో కూర్పు జరిగిన ఆ పరికరం చౌకదే గాని, మందకొడి అన్న అపవాదు మూటగట్టుకున్నది. అంతకు పూర్వం 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి కేవలం విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. దానిని తొలి దశలో వాడుకున్న సంస్థలలో కర్ణాటకలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం ఒకటి. ముద్దేనహళ్లిలో పుట్టిన మహనీయుని పేరిట వెలసిన విశ్వవిద్యాలయం కనుక చిక్కబళ్లాపురం వారికి అది తమ సొంత వార్తవంటిదే. 2010లో ఆ ఉపగ్రహ సేవ ముగిసింది.

కాని తిరుపతి మిషన్‌ను ఆ పెట్టెతో కొట్టిపారేయడం న్యాయం కాదు. నవ్వులలో మరుగున పడిన మంచి పని ఒకటి దాని నిధులతోనే జరిగింది. బొంబాయి ఐఐటీ 2009 నుండి ఇంజినీరింగ్ కళాశాలల అధ్యాపకులకు పెద్ద ఎత్తున శిక్షణ మొదలుపెట్టింది. ఒకేసారి పదివేల మందికి నేర్పాలన్నది సంకల్పం. ఆచార్య డి.బి. ఫాటక్ వంటివారు ముందుండి నడిపించారు. ఆ పద్ధతి గమనించదగినది. మొదట ఒక్కొక్క దూరకేంద్రం నుండి ఒక సమన్వయకర్తను బొంబాయికి పిలిపించి, ముందుగానే తర్ఫీదు ఇచ్చారు. అటు తర్వాత ప్రధాన శిక్షణ జరిగే రోజులలో బొంబాయి నుండి ఉపన్యాసం ప్రత్యక్ష ప్రసారం అయ్యేది. దానికి అమృత విశ్వవిద్యాపీఠం తయారు చేసిన సాఫ్ట్‌వేర్ తోడ్పడింది. ఉపన్యాసం ముగిసిన తర్వాత అభ్యాసం చేయించే బాధ్యత ఆ స్థానిక సమన్వయకర్తది. సందేహం వస్తే పక్కనే మనిషి ఉంటాడు. 2012 నవంబరులో ఆకాశ్ టాబ్లెట్ వినియోగం మీద వేలాది అధ్యాపకులకు ఇదే విధంగా శిక్షణ ఇచ్చారు.

నిజానికి ఈ 'పక్కన మనిషి' సూత్రం అంతకంటె పాతది. 1975–76లో ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు టీవీని తెచ్చింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలు రెండూ అందులో ఉన్నాయి. కార్యక్రమాలు తెలుగులోను, కన్నడంలోను వచ్చాయి. ఆ ప్రయోగంలో భాగంగా సుమారు 50 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞాన శాస్త్ర బోధనలో పన్నెండు రోజుల శిక్షణ జరిగింది. టీవీ ఒక్కటే కాదు, రేడియో పాఠం, అచ్చు పుస్తకం, దగ్గర కూర్చుని చేయించే మార్గదర్శి అన్నీ కలిపి ఇచ్చారు. యాభై ఏళ్ల క్రితం, ఇంట్లో కరెంటు లేని పల్లెలున్న రోజులలో, బోధించేవాని సొంత భాషలో సాంకేతిక శిక్షణ సాధ్యమయింది. 1982లో హైదరాబాదులో ఆచార్య జి. రామ్‌రెడ్డి మొదటి ఉపకులపతిగా దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రారంభమైనప్పుడు కూడా రేడియో పాఠంతో పాటు అధ్యయన కేంద్రంలో మనుషులను కూర్చోబెట్టారు. దాని నుండి నేర్చుకున్నది తర్వాత ఎక్కడ మరచిపోయారో తెలియదు.

మరచిపోయిన దానికి ఫలితం 2020 మార్చిలో కనిపించింది. కరోనా వలన కళాశాలలు మూతపడ్డాయి. నలభై నిమిషాల పాఠాన్ని ఫోను ముందు ఎలా చెప్పాలో ఎన్నడూ నేర్వని అధ్యాపకుడు ఒకవైపు, ఇంటికి ఒక్క ఫోను ఉన్న విద్యార్థి మరొకవైపు. 2017–18 జాతీయ నమూనా సర్వేలో గ్రామీణ కుటుంబాలలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి నూటికి పదిహేను కంటె కాస్త తక్కువే. కంప్యూటరు ఉన్నవి ఐదు కూడా లేవు. ఆ మధ్యలో ఫోన్లు పెరిగినా, ఆ ఒక్క ఫోను పగలు తండ్రితో పొలానికో, మార్కెట్టుకో పోతుందని ఎవరూ లెక్కించలేదు. సరిగ్గా ఆ నెలలలోనే అధ్యాపకుల శిక్షణ పేరిట వెబినార్లు వెల్లువెత్తాయి. పేరు నమోదు చేసుకొని, చివర ఒక ఫారం నింపితే ధ్రువపత్రం మెయిల్‌కు వచ్చిపడేది. ఒకే రోజు రెండు వెబినార్లలో 'పాల్గొన్న' వారికి కొదువ లేదు. విన్నవారు లేరని కాదు. కాని విన్నవానికీ వినని వానికీ ఆ ధ్రువపత్రం తేడా చూపలేదు.

2021లో కర్ణాటక ప్రభుత్వం డిగ్రీ, ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల కోసం ఒక ఉమ్మడి డిజిటల్ అభ్యసన వేదికను ప్రారంభించి, సుమారు 1 లక్షా 55 వేల టాబ్లెట్లను విద్యార్థులకు పంచింది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఫిబ్రవరిలో ఎడెక్స్ సంస్థతో ఒప్పందం చేసుకొని, విదేశీ విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ కోర్సులను విద్యార్థులకు అందుబాటులోకి తెస్తామన్నారు. ఉద్దేశాలలో లోపం వెతకనవసరం లేదు. టాబ్లెట్ అందుకున్న గ్రామీణ విద్యార్థిని ఆనందాన్ని తక్కువ చేయకూడదు. అయితే టాబ్లెట్ల సంఖ్య అందరికీ తెలుసు. ఆ టాబ్లెట్‌తో పాఠం ఎలా నడపాలో నేర్చుకున్న అధ్యాపకుల సంఖ్య అడిగినవారు అరుదు.

'ఎలా నడపాలి' అన్న దగ్గరే అసలు విషయం ఉన్నది. చాలా శిక్షణ తరగతులలో నేర్పేది ఏ బటన్ నొక్కితే ఏమి జరుగుతుందో. స్లైడు ఎలా చేయాలి, పరీక్ష ఫారం ఎలా తయారు చేయాలి, లింకు ఎలా పంపాలి అన్నవే ఎక్కువ. ఇవి అవసరమే, కాని ఆరు నెలలలో ఆ సాఫ్ట్‌వేర్ మారిపోతుంది. 2006లో అమెరికాలో పున్య మిశ్ర, మాథ్యూ కోహ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయాన్ని చక్కగా వివరించారు. విషయ జ్ఞానం, బోధనా నైపుణ్యం, సాంకేతిక జ్ఞానం మూడూ విడివిడిగా ఉంటే చాలదనీ, ఫలానా పాఠానికి ఫలానా సాధనం ఎందుకు తగినదో తెలియడమే అసలైన నైపుణ్యమనీ వారి వాదం. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించిన ఎరిక్ మజూర్ 1990వ దశకం ఆరంభంలో పాఠం మధ్యలో ఆపి ఒక ప్రశ్న వేసి, విద్యార్థులచేత జవాబు ఎంచుకోనిచ్చి, పక్కవానితో వాదించమని చెప్పేవారు. ఎలక్ట్రానిక్ మీటలు తర్వాత వచ్చాయి. మొదట జరిగినది చేతులెత్తడం, అట్టముక్కలు చూపడం. అనగా ఫోను లేని విద్యార్థి ఉన్న తరగతిలో కూడా ఆ పద్ధతి పనిచేస్తుంది. బలమంతా ప్రశ్నలో ఉన్నది.

దీనిని ఈ ప్రాంతానికి అన్వయించి చూద్దాము. డిగ్రీలో అర్థశాస్త్రం చెప్పే అధ్యాపకుడు గిరాకీ, సరఫరా రేఖలను స్లైడు మీద గీసి చూపితే విద్యార్థి దానిని నోట్సులో దించుకుంటాడు. అది నల్లబల్ల మీద కూడా చేయవచ్చును, ప్రొజెక్టర్ వలన మిగిలింది సుద్దముక్క మాత్రమే. అదే అధ్యాపకుడు నలుగురు విద్యార్థులను ఒక నెలపాటు శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్ ధరను రోజూ ఫోనులో రాసుకొమ్మని చెప్పి, సీబీ గూళ్లకు, బైవోల్టిన్ గూళ్లకు వేరువేరుగా పట్టిక వేయించి, ఏ వారం సరుకు ఎక్కువ వచ్చింది, ధర ఎందుకు పడింది అని అడిగితే? ఆ విద్యార్థి ఇంటికి వెళ్లి తండ్రిని అడుగుతాడు. వర్షం, ఆకు తెగులు, రీలర్ల గిరాకీ, బయటి నుండి వచ్చిన పట్టు – ఇవన్నీ పాఠంలోకి వస్తాయి. ఈ పాఠానికి కావలసినది ఖరీదైన యంత్రం కాదు, ఒక ఫోను, ఒక పట్టిక, అడగడం తెలిసిన అధ్యాపకుడు. అటువంటి పాఠాన్ని రూపొందించడం ఒక్క ఉపన్యాసం వింటే రాదు. బొంబాయి ఐఐటీ విద్యా సాంకేతిక విభాగం వారు తమ అధ్యాపక శిక్షణలో అందుకే దశలు పెట్టారు. అధ్యాపకుడు మొదట తానే విద్యార్థిగా ఆ పద్ధతిని అనుభవించాలి, తన పాఠానికి దానిని కుదుర్చుకోవాలి, తరగతిలో ప్రయోగించాలి, ఫలితం ఎలా ఉన్నదో తానే పరీక్షించాలి. దీనికి వారాలు పడుతుంది. ఏడాదికి పది నెలల కొలువు ఉన్నవాడు ఆ వారాలు ఎక్కడి నుండి తేవాలి?

భాష సంగతి వేరుగా చెప్పుకోవాలి. శిక్షణ తరగతులు ప్రధానంగా ఆంగ్లంలో, కొంత హిందీలో జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలోకి మారాయి. కర్ణాటకలో చదివే సరిహద్దు విద్యార్థి కన్నడం నుండి ఆంగ్లానికి దాటుతున్నాడు. ఈ విద్యార్థికి ఆంగ్ల వీడియో పంపి 'చూసుకొమ్మని' చెప్పడాన్ని డిజిటల్ బోధన అనలేము. రెండు భాషలు తెలిసిన అధ్యాపకుడు తరగతి గదిలో సహజంగా చేసే పని ఏమిటంటే, కఠినమైన చోట తెలుగులోనో కన్నడంలోనో ఒక్క వాక్యం చెప్పి ముందుకు సాగుతాడు. ఆ ఒక్క వాక్యంతోనే వెనుక బెంచీ వెలుగుతుంది. రికార్డు చేసిన పాఠంలో ఆ వాక్యం మాయమవుతున్నది, ఎందుకంటే కెమెరా ముందు 'శుద్ధమైన' ఆంగ్లమే మాట్లాడాలన్న బెరుకు. శిక్షణలో పోగొట్టవలసిన మొదటి బెరుకు ఇదే. బొంబాయి ఐఐటీ వారి స్పోకెన్ ట్యుటోరియల్ పథకం ఈ విషయంలో మేలైన ఉదాహరణ. కంప్యూటర్ పాఠాలకు తెరమీద దృశ్యాన్ని అలాగే ఉంచి, మాటను మాత్రం తెలుగు, కన్నడాలతో సహా అనేక భాషలలో వినిపించారు. పాఠాలు చిన్నవి, ఇంటర్నెట్ లేనిచోట దించుకొని చూడవచ్చును.

2025 జనవరి 6న యూజీసీ విడుదల చేసిన ముసాయిదా నిబంధనల మీద దేశంలో పెద్ద దుమారమే లేచింది. వివాదమంతా ఉపకులపతుల నియామకంలో గవర్నరు పాత్ర గురించి. కర్ణాటక సహా కొన్ని రాష్ట్రాల మంత్రులు ఫిబ్రవరిలో బెంగళూరులో సమావేశమై వ్యతిరేకించారు. ఆ సందడిలో అదే ముసాయిదాలోని మరొక భాగాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అధ్యాపకుల ఎంపికకు, పదోన్నతికి తొమ్మిది రకాల విశేష కృషిని అందులో పేర్కొన్నారు. వాటిలో ఆన్‌లైన్ కోర్సులకు డిజిటల్ పాఠాలు తయారు చేయడం ఒకటి, భారతీయ భాషలలో బోధనకు తోడ్పడటం మరొకటి. ఈ రెండూ కలిస్తే సరిహద్దు ప్రాంతంలోని ద్విభాషా అధ్యాపకునికి అనుకూలమే. ఉపకులపతిని ఎవరు నియమించినా, తొండేభావి విద్యార్థికి రోజూ ఎదురుపడేది ఆయన కాదు. ఆ రెండు పంక్తుల గురించి కూడా బెంగళూరు సమావేశంలో నాలుగు మాటలు ఎక్కువగా నడచి ఉంటే బాగుండేది. అయితే ఇక్కడ కూడా పాత చిక్కే. విశేష కృషి లెక్కకు రావాలంటే ముందు లెక్కించదగిన ఉద్యోగం ఉండాలి.

ఏఐసీటీఈ 2025ను కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించింది. విద్యార్థి ఇప్పటికే తన అసైన్‌మెంటును యంత్రంచేత రాయిస్తున్నాడు. దానిని కనిపెట్టలేని అధ్యాపకుడు మార్కులు వేస్తున్నాడు, కనిపెట్టినవాడు కోప్పడుతున్నాడు. ఇద్దరికీ ఏమి చేయాలో చెప్పినవారు తక్కువ. ఇంటిలో చేసుకురమ్మన్న వ్యాసానికి బదులు తరగతిలో రెండు నిమిషాలు నోటితో వివరించమనడం, యంత్రం ఇచ్చిన జవాబులో తప్పులు వెతకమనడం వంటి చిన్న ఉపాయాలు ఉన్నాయి. యంత్రానికి తెలుగు, కన్నడ పదాలలో దొర్లే తప్పులు సరిహద్దు పిల్లలకు ఇట్టే దొరుకుతాయి. ఇది కొంత వినోదం కూడా.

ఈ తాలూకా హొసూరులో పేద కుటుంబంలో పుట్టిన డాక్టర్ హెచ్. నరసింహయ్య 1935లో చదువు కోసం బెంగళూరుకు కాలినడకన వెళ్లి, 1970వ దశకంలో ఆ నగరపు విశ్వవిద్యాలయానికే ఉపకులపతి అయిన సంగతి పెద్దలకు తెలుసు. భౌతికశాస్త్ర అధ్యాపకుడైన ఆయన, గౌరిబిదనూరు, బాగేపల్లి వంటి చోట్ల కళాశాలలు నెలకొల్పడంలో ముందున్నారు. పట్నంలో దొరికే చదువు పల్లె దగ్గరకు రావాలంటే ముందు మంచి అధ్యాపకుడు పల్లె దగ్గరకు రావాలన్నది అక్కడ పనిచేసిన ఆలోచన. ఇవాళ చదువు ఫోను ద్వారా వస్తున్నది కనుక అధ్యాపకుని అవసరం తగ్గిందని అనుకునేవారు ఉన్నారు. రైలులో కూర్చుని వీడియో చూస్తూ నిద్రపోయే విద్యార్థిని చూసినవారు అలా అనుకోరు.

ప్రభుత్వాలు చేయదగిన పని అసాధ్యమైనదేమీ కాదు. అతిథి ఉపన్యాసకుల ఎంపికలో అనుభవానికి వెయిటేజి ఇస్తున్నట్లే, పూర్తి చేసిన బోధనా సాంకేతిక శిక్షణకు కూడా కొంత వెయిటేజి ఇస్తే నేర్చుకోవడానికి కారణం ఏర్పడుతుంది. శిక్షణ రోజులకు గౌరవ వేతనం కోయకుండా ఉంటే నేర్చుకోవడానికి వీలు ఏర్పడుతుంది. తాలూకాకు ఒక కళాశాలను ఎంచి, బొంబాయి పద్ధతిలో ఒక సమన్వయకర్తను ముందుగా తయారు చేసి కూర్చోబెడితే, గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి అధ్యాపకులు సాయంత్రానికి ఇల్లు చేరుకోగలుగుతారు. హిందూపురం వైపు కళాశాలలతో కలిసి రెండు భాషలలో పాఠాలు తయారు చేసుకోవడానికి రాష్ట్ర సరిహద్దు అడ్డు రానవసరం లేదు. రైలుకు అడ్డురాని గీత పాఠానికి మాత్రం ఎందుకు అడ్డు రావాలి?

తల్లిదండ్రులు ఇందులో చేయగలిగినది ఏమిటని సందేహం రావచ్చును. నాక్ గుర్తింపు కోసం కళాశాలలు సమర్పించిన స్వయం అధ్యయన నివేదికలు, వార్షిక నివేదికలు కళాశాల వెబ్‌సైటులో ఉంటాయి. గత సంవత్సరాల నివేదికలలో ఆరవ విభాగం తెరిస్తే, ఆ ఏడాది ఎంతమంది అధ్యాపకులు ఏ శిక్షణకు వెళ్లారో పట్టిక కనిపిస్తుంది. డిగ్రీ చదివే కొడుకో కూతురో ఉన్న ఇంట్లో ఆ ఫోనులోనే దానిని తెరిపించి చూడవచ్చును. తమ పిల్లలకు ఈ ఏడాది పాఠం చెబుతున్నవారి పేర్లు ఒక కాగితం మీద రాసుకొని, ఆ పట్టికలో వారిలో ఎందరున్నారో సరిచూసుకోవడానికి పది నిమిషాలు చాలు. కర్ణాటక ప్రభుత్వ కళాశాలలలో కళాశాల అభివృద్ధి సమితికి స్థానిక ఎమ్మెల్యేయే అధ్యక్షుడు. ఆ సమితి సమావేశంలో కొత్త గదులు, కాంపౌండ్ గోడ, మంచినీటి ట్యాంకు గురించి ఎలాగూ మాట్లాడతారు. ఆ కాగితాన్ని ఆ సమావేశానికి ముందే ఆయన చేతికి ఇవ్వవచ్చును.